సెకనుకి 11 ఎంబీ: ఆ అంకె ఎక్కడిది?

విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో సిరిమాను తిరుగుతుంది. పైడితల్లి గుడికీ కోటకీ మధ్య అది మూడుసార్లు తిరిగే ఆ సాయంత్రం తీసిన వీడియోలు, ముందురోజు తొలేళ్ల ఫొటోలు అన్నీ కలిపి ఒక్కో స్టూడియోలో 200 జీబీ తేలినా ఆశ్చర్యం లేదు. మిక్సింగ్ మొదలుపెట్టేలోపు వాటిని మూలనున్న నాస్ పెట్టెలోకి ఎక్కించి భద్రం చేసుకుంటారు. నాస్ అంటే మరేం లేదు, రౌటర్‌కి తగిలించి ఉంచే హార్డ్‌డిస్కుల పెట్టె. ఇంట్లో, షాపులో ఉన్న ఏ కంప్యూటర్ నుంచైనా అందులో ఫైళ్లు దాచుకోవచ్చు. కాపీ మొదలెట్టాక ఇంకా ఐదు గంటలు పడుతుందని స్క్రీన్ చెప్పిందంటే టెన్షన్ మొదలైనట్టే. వెంటనే కేబుల్ నెట్ కుర్రాడికి ఫోన్ వెళ్తుంది.

"ఏటి బాబూ, నెలనెలా డబ్బు కడతన్నాం కదా, ఫైళ్లు ఎక్కవేటి?"

ఇందులో ఆ కుర్రాడి తప్పేమీ లేదు. కంప్యూటర్ నుంచి నాస్‌కి వెళ్లే ఫైలు వీధి గుమ్మం దాటదు. బయట నుంచి వచ్చే నెట్ లైను పీకేసినా కాపీ అదే వేగంతో సాగుతుంది. అందుకే పెద్ద ప్లాన్‌కి మారినా లాభం ఉండదు.

తిట్టే ముందు స్క్రీన్ మీద అంకె చూడాలి. జబ్బు పేరు చాలాసార్లు ఆ అంకెలోనే ఉంటుంది. ఒకటే పెద్ద వీడియో ఫైలు కాపీ చేసి చూడండి. వేగం సెకనుకి 11 మెగాబైట్ల దగ్గర కదలకుండా నిలబడిందా? అయితే దారిలో ఎక్కడో 100 మెగాబిట్ లింకు, అంటే సెకనుకి 100 మెగాబిట్లే మోసే కనెక్షన్ ఉందన్నమాట. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 100 మెగాబిట్లంటే 12.5 మెగాబైట్లు. చిరునామాలు, తనిఖీ అంకెలు మోసుకెళ్లే ఖర్చు తీసేస్తే చేతికొచ్చేది 11 చిల్లర. గిగాబిట్ (1000 మెగాబిట్ల) లింకులో ఇదే లెక్క 125కి మొదలై 110 దగ్గర తేలుతుంది. 200 జీబీకి మొదటి దారిలో ఐదు గంటలు, రెండో దారిలో అరగంట.

35, 40 మధ్య ఆగిందంటే నాస్‌కి వెనకాల తగిలించిన డ్రైవు పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో ఉందేమో చూడాలి. అంకె నిలకడ లేకుండా ఎగిరిపడుతుంటే వైఫై మీద అనుమానపడాలి. మొదట బాగా వెళ్లి తర్వాత కుప్పకూలితే డిస్కు మీద.

11 సంగతే కాస్త వివరంగా చూద్దాం, ఎక్కువగా ఎదురయ్యేది అదే. కొన్ని చవక రౌటర్ల పోర్టులు, పాత నెట్‌వర్క్ స్విచ్‌లు (చాలా పరికరాల తీగల్ని కలిపే పెట్టెలు) 100 దగ్గరే ఆగుతాయి. దాన్ని మార్చడం తప్ప దారి లేదు. కానీ అన్ని పెట్టెల మీదా గిగాబిట్ అని రాసి ఉన్నా 11 దాటకపోతే దొంగ తీగలో ఉన్నాడు. నెట్‌వర్క్ కేబుల్ తొడుగు ఒలిస్తే లోపల జంటలుగా మెలేసిన ఎనిమిది తీగలు కనిపిస్తాయి: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగు జంటలు. 1995లో వచ్చిన 100 మెగాబిట్ పద్ధతికి రెండు జంటలు చాలు. మామూలుగా వేసే క్రింపింగ్‌లో, అంటే తీగ కొసకి కనెక్టరు బిగించే పనిలో, అవి నారింజ, ఆకుపచ్చ. 1999 నాటి గిగాబిట్ పద్ధతికి మాత్రం నాలుగు జంటలూ కావాలి. అటక మీద ఎలుక నీలం తీగ ఒక్కటి కొరికినా, క్రింపింగ్‌లో గోధుమ తీగ పిన్ను దాకా చేరకపోయినా చాలా పరికరాలు లింకు తెంచుకోవు. కిక్కురుమనకుండా 100కి దిగిపోతాయి. లైటు వెలుగుతుంది, నెట్ వస్తుంది, యూట్యూబ్ ఆడుతుంది. తీగ చెడిందన్న అనుమానం ఎవరికి వస్తుంది చెప్పండి?

విండోస్‌లో సెట్టింగ్స్ తెరిచి ఈథర్‌నెట్ పేజీలో లింక్ స్పీడ్ దగ్గర చూస్తే 1000 అనో 100 అనో రాసి ఉంటుంది. నాస్ సెట్టింగ్స్‌లోనూ అదే చూడాలి, ఎందుకంటే తెగింది ఏ వైపు ముక్కో తెలియదు. కళింగపట్నం, భీమిలి లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పు గాలికి కనెక్టరు పిన్నులు చిలుము పట్టడం కూడా ఉంది. బజారులో చవగ్గా దొరికే కేబుళ్లలో కొన్ని రాగివి కావు, రాగి పూత పూసిన అల్యూమినియం. తీగ కొసని బ్లేడుతో గీకితే ఎరుపు పోయి తెలుపు బయటపడుతుంది. అది రాగికన్నా పెళుసు, నాలుగుసార్లు వంచితే విరిగిపోతుంది. గోడ లోపల నుంచి లాగే పని పెట్టుకున్నప్పుడు రాగి తీగకే డబ్బు పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

వైఫై సంగతి వేరు. ఒక ఛానెల్‌లో ఒక్కసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. ల్యాప్‌టాప్, నాస్ రెండూ అదే రౌటర్ వైఫైలో ఉంటే ప్రతి ముక్కా గాల్లో రెండుసార్లు ప్రయాణిస్తుంది కాబట్టి వేగం సగానికి పడుతుంది. మందపాటి గోడల పాత ఇళ్లలో, ఇనప బీరువా వెనక రౌటర్ పెట్టిన చోట ఆ సగం కూడా మిగలదు. నాస్‌ని మాత్రం ఎప్పుడూ తీగతోనే కలపాలి.

లింకు 1000 ఉన్నా పెళ్లి ఫొటోల ఫోల్డరు నత్తనడక నడుస్తుందా? అయితే ఫైళ్లు చిన్నవై, లెక్కకి మిక్కిలిగా ఉన్నాయేమో చూడండి. ప్రతి ఫైలుకీ తెరవడం, పేరు రాయడం, తేదీ వేయడం, మూయడం అంటూ రెండు యంత్రాల మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తాయి. ఒక్కో ఫైలుకి దానికే 20 మిల్లీసెకన్లు పోతాయనుకుంటే పదివేల ఫైళ్లకి 200 సెకన్లు, ఫైళ్లు ఎంత చిన్నవైనా సరే. హార్డ్‌డిస్కు సూది అటూ ఇటూ వెతుక్కునే సమయం దీనికి అదనం. అన్నీ ఒక జిప్‌గా కట్టి పంపితే తేడా కళ్లకి కనిపిస్తుంది.

ఇక మొదట్లో పరుగెత్తి తర్వాత కూలబడే రకం. కొన్ని డిస్కుల్లో చోటు కలిసి రావాలని రాత చాళ్లని పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి ఎక్కేలా పేరుస్తారు. వీటిని ఎస్‌ఎంఆర్ డిస్కులంటారు. మధ్యలో ఒక్క పెంకు మార్చాలన్నా దాని మీదున్నవి తీసి మళ్లీ పేర్చాలి కదా, ఇక్కడా అంతే. కొత్త డేటాని ముందు ఒక ఖాళీ చోట గబగబా దించుకుంటుంది, ఆ చోటు నిండాక అసలు వేగం బయటపడుతుంది. నాస్ కోసమని అమ్మిన డిస్కుల్లో కొన్ని ఈ రకమేనని 2020లో బయటపడి కొనుక్కున్నవాళ్లు గొడవ చేశారు. కొనేముందు సీఎంఆర్ (చాళ్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కని రకం) అని రాసి ఉందో లేదో చూసుకోవాలి.

కరెంటు పోయి నాస్ ఉన్నపళంగా ఆగిపోయినా ఇలాంటి మందగింపే వస్తుంది. తిరిగి లేచాక రెయిడ్ (కొన్ని డిస్కుల్ని ఒక జట్టుగా కలిపి వాడే ఏర్పాటు) డిస్కులన్నీ సరిపోలాయో లేదో గంటల తరబడి సరిచూసుకుంటుంది. కొత్త ఫొటోలకి థంబ్‌నెయిళ్లు (చిన్న నమూనా బొమ్మలు) తయారుచేసేటప్పుడూ అంతే. స్టేటస్ పేజీలో ఆ పని నడుస్తుంటే ముగిసేదాకా ఊరుకోవడం మేలు. చిన్న యూపీఎస్ ఉంటే సగం గొడవ ఉండదు.

తీగా, డిస్కా అని తేలకపోతే ఐపెర్ఫ్3 అనే ఉచిత ప్రోగ్రాం తేలుస్తుంది. దాన్ని నాస్‌లోనూ కంప్యూటర్‌లోనూ నడిపితే డిస్కుని ముట్టుకోకుండా దారిని మాత్రమే కొలుస్తుంది. 940 మెగాబిట్లు చూపిస్తే గిగాబిట్ దారి నిక్షేపంగా ఉన్నట్టే, ఇక తీగని వదిలేసి డిస్కు సంగతి చూడాలి.

కాపీ 110 దగ్గర నడుస్తుంటే బాగుచేయడానికేం లేదు, గిగాబిట్ ఇవ్వగలిగింది అంతే. ఇంకా కావాలంటే 2.5 గిగాబిట్‌కి వెళ్లాలి. పాత క్యాట్ 5ఈ రకం నెట్‌వర్క్ తీగే సరిపోతుంది గానీ కంప్యూటర్, స్విచ్, నాస్ మూడూ ఆ వేగానివే కావాలి. పైగా నాస్‌లో ఒకే హార్డ్‌డిస్కు ఉంటే అది 200 అటూ ఇటూగా ఆగిపోతుంది. అరగంట పని పావుగంటకి దిగుతుందంతే. రోజూ కెమెరా కార్డులు దించుకునే స్టూడియోకి ఆ ఖర్చు గిట్టుబాటవుతుందేమో, ఇంటి ఫొటోలు దాచుకునేవాళ్లకి మాత్రం దండగ.