కార్బురేటర్ కార్లు: షెడ్డులో వినపడే అపోహలు, అసలు వాస్తవాలు

2000కు ముందు వచ్చిన మారుతి 800, ఓమ్ని, ప్రీమియర్ పద్మిని, పెట్రోల్ అంబాసిడర్ ఇప్పటికీ నడుపుకుంటున్నవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. ఈ బండ్లలో ఏ తేడా వచ్చినా నింద ముందు పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు అందించే కార్బురేటర్ మీదే పడుతుంది. విప్పుతారు, గాలి కొడతారు, స్క్రూలు తిప్పి ఇచ్చేస్తారు. రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. నిజానికి అది కొలతల మీద నడిచే వస్తువు. కారణం తేలకుండా దాని మీద చెయ్యి వేస్తే ఉన్న కొలతలు కూడా పోతాయి.

అపోహ: మిస్సింగ్ (ఇంజన్ మధ్యమధ్య మండకుండా తడబడటం) వచ్చినా, పికప్ తగ్గినా అది కార్బురేటరే.

వాస్తవం: ఇగ్నిషన్ (ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటు) సరిగ్గా ఉందని తేలాకే కార్బురేటర్ వైపు చూడాలి. పాయింట్లు (నిప్పురవ్వ కోసం కరెంటును తెంపే కాంటాక్టులు) ఉన్న మారుతి 800లో పాయింట్ గ్యాప్ 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు, ప్లగ్ గ్యాప్ 0.7 నుంచి 0.8 ఉండాలి. అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్‌కు పాయింట్లు 0.35–0.40, ప్లగ్గులు దాదాపు 0.6. పాయింట్లు అరిగి గ్యాప్ మూసుకుపోయినా, పాయింట్లకు తోడుండే కండెన్సర్ బలహీనపడినా, ప్లగ్ వైరు లోపల తెగినా వచ్చే జెర్కులు అచ్చం పెట్రోల్ అందనట్టే ఉంటాయి.

తేడా పట్టుకోవడానికి రెండు గుర్తులు. ఇగ్నిషన్ లోపమైతే బండి ఠక్కున కట్ అవుతుంది, మళ్లీ ఠక్కున అందుకుంటుంది. పెట్రోల్ అందకపోతే నీరసించినట్టు మెల్లగా తగ్గుతుంది. రెండో గుర్తు ఇంకా నమ్మకమైనది: ఇంజన్ వేడెక్కాక, తడబడుతున్న సమయంలో చోక్ (గాలిని తగ్గించి పెట్రోల్ పాలు పెంచేది) కొద్దిగా లాగండి. మెరుగైతే పెట్రోల్ తక్కువ అందుతోంది, లేదా ఎక్కడో అదనపు గాలి దూరుతోంది. ఇంకా పాడైతే మిక్స్చర్ (పెట్రోల్, గాలి మిశ్రమం) ఇప్పటికే రిచ్‌గా, అంటే పెట్రోల్ ఎక్కువై ఉంది, లేదా తప్పు ఇగ్నిషన్‌లో ఉంది. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా కార్బురేటర్ విప్పనివ్వకండి.

ఇగ్నిషన్ తర్వాత పెట్రోల్ ఫిల్టర్, ఆ తర్వాత పంపు. పంపు చూడాలంటే కార్బురేటర్‌కు వచ్చే పైపు ఊడదీసి సీసాలో పెట్టండి. నిప్పురవ్వ రాకుండా కాయిల్ నుంచి వచ్చే మధ్య వైరు తీసి బాడీకి ఎర్త్ చేసి సెల్ఫ్ కొట్టించండి. పెట్రోల్ గట్టిగా, దెబ్బ దెబ్బకూ చిమ్మాలి. చుక్కలుగా కారితే పంపు డయాఫ్రమో (లోపలి రబ్బరు పొర), ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపో పోయిందని అర్థం. సీసాను వేడి ఇంజన్‌కు దూరంగా పట్టుకోవాలి, దగ్గర్లో అగ్గి ఉండకూడదు.

అపోహ: జెట్ (పెట్రోల్‌ను కొలిచి వదిలే రంధ్రమున్న చిన్న ముక్క) మూసుకుపోతే సన్న తీగతో పొడిస్తే సరిపోతుంది.

వాస్తవం: ఈ ఒక్క అలవాటు పాడుచేసినన్ని కార్బురేటర్లను వయసు కూడా పాడుచేయలేదు. సోలెక్స్ రకం కార్బురేటర్ జెట్ మీద ఉండే అంకె రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతుల్లో చెబుతుంది. 115 అంటే 1.15 మిల్లీమీటర్లు. జెట్ ఇత్తడి, తీగ ఉక్కు. లోపల గీసుకుని రంధ్రం 1.20కి పెరిగిందంటే వైశాల్యం దాదాపు 9 శాతం పెరిగినట్టు. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు పెట్రోల్ ఇచ్చే ఐడిల్ జెట్‌లో నష్టం ఇంకా ఎక్కువ: 0.45 కాస్తా 0.50 అయితే 23 శాతం పెరుగుతుంది. ఆ తర్వాత ఎన్ని ట్యూనింగులు చేసినా స్లో కుదరదు, ప్లగ్గులు నల్లబడుతూనే ఉంటాయి.

సరైన పద్ధతి: జెట్ విప్పి కార్బురేటర్ క్లీనర్‌లో అరగంట నానబెట్టి, గాలి కొట్టి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడటం. రంధ్రం గుండ్రంగా, అంచులు పదునుగా కనపడాలి. మొండి మురికి ఉంటే నైలాన్ దారం పోనివ్వొచ్చు. విప్పేటప్పుడు స్క్రూడ్రైవర్ గాడికి సరిగ్గా సరిపోవాలి. గాడి చెదిరిన జెట్‌ను మళ్లీ బిగించడం, తీయడం రెండూ కష్టమే. ఏ జెట్ ఎక్కడిదో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మారుతి 800లో రెండు బ్యారెళ్ల (గాలి వెళ్లే గొట్టాల) మెయిన్ జెట్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ సైజులు వేరు, తారుమారైతే బండి ఎక్కడా సరిగ్గా నడవదు.

అపోహ: మొత్తం విప్పి థిన్నర్‌లోనో పెట్రోల్‌లోనో ముంచితే కొత్తదైపోతుంది.

వాస్తవం: లోహపు భాగాలకు ఫరవాలేదు. డయాఫ్రమ్‌లు, ఓ-రింగులు, ప్లాస్టిక్ ఫ్లోట్ (పెట్రోల్ మట్టాన్ని నిలిపే తేలే ముక్క), ఐడిల్ సోలినాయిడ్ (స్లో పెట్రోల్ దారిని తెరిచి మూసే కరెంటు వాల్వ్) మాత్రం ముందే తీసి పక్కన పెట్టాలి. థిన్నర్ తగిలిన రబ్బరు ఉబ్బుతుంది, ఆరాక గట్టిపడి పగులుతుంది. విప్పాక కిట్ మార్చకుండా పాత ప్యాకింగులే వేయడం ఇంకో తప్పు. కిట్‌లో నీడిల్ వాల్వ్ (ఫ్లోట్ లేచినప్పుడు పెట్రోల్ రాకను ఆపే సూది), పంప్ డయాఫ్రమ్, ప్యాకింగులు వస్తాయి. పైనుంచి బిగించే స్క్రూలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. ఒకే వైపు బలంగా తిప్పితే మెత్తటి జింక్ మిశ్రమపు బాడీ వంగుతుంది, ఆ సందులోంచి గాలి లాగుతుంది.

ఫ్లోట్ ఇత్తడిదైతే చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల పెట్రోల్ చప్పుడు వినపడితే చిల్లి పడినట్టే. వేడినీళ్లలో ముంచితే చిల్లి ఉన్నచోట బుడగలొస్తాయి. నీడిల్ వాల్వ్ మొనలో గుండ్రటి గీత పడి ఉంటే అది ఇక సీటులో సరిగ్గా కూర్చోదు, ఓవర్‌ఫ్లో ఆగదు.

అపోహ: స్లో నిలబడకపోతే స్లో స్క్రూ పెంచితే చాలు.

వాస్తవం: స్లో స్క్రూ బటర్‌ఫ్లైని (గాలి దారిలో తిరిగే పలకను) కొంచెం తెరిచి పెడుతుంది, అంతే. అసలు లోపాన్ని కప్పేస్తుంది. బండి నిలబడుతుంది గానీ సిగ్నల్ దగ్గర ఇంజన్ రయ్యిమంటుంది, తాళం తిప్పాక కూడా కొన్నిసార్లు ఆగకుండా కొట్టుకుంటుంది.

సరైన వరుస ఇది. ఇంజన్ పూర్తిగా వేడెక్కాలి, చోక్ లోపలికి ఉండాలి, ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉండాలి. ఇంజన్ ఆపి మిక్స్చర్ స్క్రూను మెల్లగా ఆగేంతవరకు లోపలికి తిప్పండి. బిగిస్తే మొన పాడవుతుంది. అక్కణ్నుంచి ఒకటిన్నర నుంచి రెండు చుట్లు బయటికి తీసి స్టార్ట్ చేయండి. స్లో స్క్రూతో 900 ఆర్‌పీఎం దగ్గర నిలపండి. ఇప్పుడు మిక్స్చర్ స్క్రూను పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పి, ఇంజన్ ఎక్కడ అన్నిటికన్నా వేగంగా, నునుపుగా తిరుగుతుందో ఆ చోటు పట్టుకోండి. పెరిగిన వేగాన్ని స్లో స్క్రూతో తగ్గించి, ఇదంతా మరొక్కసారి చేయాలి.

మిక్స్చర్ స్క్రూ ఎంత తిప్పినా ఇంజన్‌లో మార్పు లేదంటే ఆ స్క్రూతో పని జరగదు. ఐడిల్ జెట్ మూసుకుపోయి ఉండాలి, లేదా సోలినాయిడ్ తెరుచుకోవడం లేదు, లేదా గాలి లీకు ఉంది. సోలినాయిడ్ ఉన్న కార్బురేటర్లలో తాళం ఆన్ చేసి దాని వైరు తీసి మళ్లీ తగిలిస్తే టిక్కుమని వినపడాలి.

గాలి లీకుకు సబ్బునీళ్లు చాలు. ఇంజన్ స్లోలో ఉండగా కార్బురేటర్ కింది ప్యాకింగ్, మ్యానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి ఇంజన్‌కు వెళ్లే గొట్టం) అతుకులు, బ్రేక్ బూస్టర్ ఉన్న బండ్లలో దాని పైపు, డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వాక్యూమ్ పైపు చివర్లు, బటర్‌ఫ్లై షాఫ్ట్ రెండు కొనలు — ఒక్కోచోట కొన్ని చుక్కలు వేయండి. ఎక్కడ వేస్తే ఇంజన్ శబ్దం మారుతుందో లీకు అక్కడే. కొందరు ఇదే పరీక్ష పెట్రోల్ చిమ్మి చేస్తారు. వేడి ఎగ్జాస్ట్ పక్కన అది నేరుగా మంటకు పిలుపు, దయచేసి చేయనివ్వకండి. షాఫ్ట్ దగ్గర లీకు తేలితే స్క్రూలతో పని కాదు. లేత్ షాపులో ఇత్తడి బుష్ వేయించాలి.

అపోహ: చిన్న జెట్ వేస్తే, రెండో బ్యారెల్ తీయిస్తే మైలేజ్ పెరుగుతుంది.

వాస్తవం: పెట్రోల్ తగ్గితే మంట వేడి తగ్గదు. లీన్ (పెట్రోల్ తక్కువైన) మిక్స్చర్‌తో నడిచే ఇంజన్‌లో ఎగ్జాస్ట్ వాల్వులు కాలుతాయి, ప్లగ్గులు తెల్లబడతాయి, లోడ్ మీద నాకింగ్ (ఇంజన్‌లో టకటక శబ్దం) వస్తుంది. పికప్ లేదని డ్రైవర్ ఇంకా లోతుగా తొక్కుతాడు. రెండో బ్యారెల్ లోడ్ పెరిగినప్పుడే తెరుచుకుంటుంది, మామూలు నడకలో పెట్రోల్ తాగదు. దాన్ని తీసేస్తే ఓవర్‌టేక్ చేసిన ప్రతిసారీ మొదటి బ్యారెల్‌ను పూర్తిగా తెరవాల్సి వస్తుంది. మైలేజ్ పడిపోతే ముందు చూడాల్సినవి టైర్ల గాలి, పట్టేసిన బ్రేకులు, ఇగ్నిషన్ టైమింగ్, పూర్తిగా వెనక్కి వెళ్లని చోక్ కేబుల్.

అపోహ: ఎండాకాలం వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ కాకపోతే కార్బురేటర్ మార్చాలి.

వాస్తవం: ఆపిన పది నిమిషాలకు స్టార్ట్ కాక, గంట తర్వాత మామూలుగా స్టార్ట్ అయితే అది వేడి సమస్య. ఇంజన్ వేడికి ఫ్లోట్ చాంబర్‌లోని పెట్రోల్ మరిగి మ్యానిఫోల్డ్‌లోకి చేరుతుంది, లేదా పంపు పైపులో ఆవిరి నిండుతుంది. మొదటిదైతే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, కదపకుండా అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. పదే పదే తొక్కితే యాక్సిలరేటర్ పంపు ఇంకా పెట్రోల్ పోసి ముంచేస్తుంది. రెండోదైతే పంపు మీద తడిగుడ్డ వేయడం పాత డ్రైవర్లు చేసేదే, పనిచేస్తుంది. శాశ్వతంగా పోవాలంటే కార్బురేటర్ కింద వేడిని ఆపే మందపాటి బేకలైట్ ముక్క సరిగ్గా ఉందో లేదో చూడాలి. రిపేర్లలో దాన్ని తీసేసి పల్చటి ప్యాకింగ్ పెట్టిన బండ్లు చాలా వస్తుంటాయి.

ఈ బాధకు ఎలక్ట్రిక్ పంపు పెట్టించేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కార్బురేటర్ నీడిల్ వాల్వ్ తట్టుకునేది 0.2–0.3 బార్ ఒత్తిడి. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) కారు పంపు ఇచ్చేది 3 బార్ దగ్గర. అది బిగిస్తే పెట్రోల్ పైనుంచి పొంగి ఇంజన్ మీద పడుతుంది.

అపోహ: ఇథనాల్ పెట్రోల్ పాత బండికి ఏమీ చేయదు. లేదా, పోయించిన మర్నాడే ఇంజన్ పోతుంది.

వాస్తవం: రెండూ కాదు. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ 2023 నుంచి బంకుల్లోకి వచ్చింది. మామూలు పెట్రోల్ పూర్తిగా మండటానికి ఒక పాలు పెట్రోల్‌కు బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. ఈ20కి దాదాపు 13.5 చాలు. ఎంపీఎఫ్ఐ కారు సెన్సర్‌తో సర్దుకుంటుంది, కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. అందుకే అదే జెట్‌తో బండి సుమారు 8 శాతం లీన్ అవుతుంది. చలిలో తడబాటు, యాక్సిలరేటర్ తొక్కగానే ఒక క్షణం వెనక్కి లాగినట్టు ఉండటం దాని గుర్తులు. మిక్స్చర్ స్క్రూ పావు చుట్టు బయటికి తీస్తే స్లో కుదురుతుంది. నడకలో కూడా లీన్ అయితే, ప్లగ్గులు తెల్లగా కనపడుతుంటే, మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి: 115 ఉన్నచోట 120. తీగతో గీకి కాదు, కొత్త జెట్ కొని.

ఎక్కువ జాగ్రత్త పడాల్సింది రబ్బరు విషయంలో. పాత పైపులు, పంప్ డయాఫ్రమ్ ఇథనాల్‌కు మెత్తబడి ఉబ్బుతాయి, ఆ ముక్కలు జెట్లలోకి చేరతాయి. వైటాన్ (ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరు) పొర ఉన్న పైపు వేయించండి. దాని మీద ఎస్ఏఈ జె30 ఆర్9 అని రాసి ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి వానాకాలమంతా కదలకుండా ఉన్న బండిలో ఫ్లోట్ చాంబర్ అడుగున తెల్లటి పొడి పేరుకుంటుంది. నెలకు మించి తీయని బండి అయితే పంపు దగ్గర పైపు ఊడదీసి, కొనకు మూత పెట్టి, చాంబర్‌లో ఉన్న పెట్రోల్ అయిపోయేదాకా ఇంజన్ నడిపి ఆపండి.

అపోహ: పొల్యూషన్ సర్టిఫికెట్ ఒక కాగితం, ట్యూనింగ్‌కు పనికిరాదు.

వాస్తవం: సర్టిఫికెట్ ఇచ్చేచోట పొగను కొలిచే గ్యాస్ ఎనలైజర్ కన్నా మంచి ట్యూనింగ్ పరికరం మామూలు షెడ్డులో దొరకదు. బీఎస్-2 కాలుష్య ప్రమాణాలకు ముందు తయారైన పెట్రోల్ కార్లకు స్లోలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం (పది లక్షల్లో 1500 పాళ్లు) వరకు అనుమతి ఉంది. బండిని బాగా వేడెక్కించి తీసుకెళ్లి, చిన్న స్క్రూడ్రైవర్ వెంట ఉంచుకోండి. గొట్టం సైలెన్సర్‌లో ఉండగానే మిక్స్చర్ స్క్రూ తిప్పి, కార్బన్ మోనాక్సైడ్ ఒకటి, రెండు శాతాల మధ్య నిలపండి. అది తక్కువగానే ఉండి హైడ్రోకార్బన్ మాత్రం 1500 దాటుతుంటే మిస్సింగ్ ఉన్నట్టు, స్క్రూ వదిలి ప్లగ్గులు చూడండి. రెండూ ఎక్కువైతే ఎయిర్ ఫిల్టర్, చోక్, ఫ్లోట్ లెవల్ ఆ వరుసలో చూసుకోవాలి.