రాయి, కత్తెర, కాగితం, ఒక మాత్రిక

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో 2008 అక్టోబరు 11న డల్లాస్‌లో టెక్సస్ జట్టు ఒక్లహోమాని 45–35తో ఓడించింది. నవంబరు 1న లబక్‌లో టెక్సస్ టెక్ ఆ టెక్సస్‌ని 39–33తో ఓడించింది, అదీ గడియారంలో ఒక్క సెకను మిగిలి ఉండగా. నవంబరు 22న నార్మన్‌లో ఒక్లహోమా ఆ టెక్సస్ టెక్‌ని 65–21తో చిత్తు చేసింది. సీజను ముగిసేసరికి మూడింటికీ పదకొండేసి గెలుపులు, ఒక్కో ఓటమి. ఈ మూడూ ఉన్న బిగ్ 12 కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీ జట్ల కూటమి) దక్షిణ విభాగం నుంచి కాన్ఫరెన్స్ ఫైనల్‌కి వెళ్ళేది ఒకటే. ఎవరు?

"మేం వాళ్ళని ఓడించాం కదా, ఇంకేం కావాలి" అన్నది టెక్సస్ అభిమానుల వాదన. ఇదే మాట టెక్సస్‌ని చూపించి టెక్ కూడా అనగలదు, టెక్‌ని చూపించి ఒక్లహోమా కూడా అనగలదు. పిల్లలాడే రాయి–కత్తెర–కాగితం ఆటలో ఏది గొప్పదని అడిగితే ఏం చెబుతాం? వలయంలో మొదలూ చివరా ఉండవు. ముఖాముఖి ఫలితం ఇద్దరి మధ్య తగువు తీరుస్తుంది, ముగ్గురు చేరగానే చేతులెత్తేస్తుంది.

ఆట నియమాలు ఇక్కడ అక్కర్లేదు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ అగ్రశ్రేణిలో 130కి పైగా జట్లున్నాయనీ, ఒక్కోటి ఆడేది పన్నెండు మ్యాచులేననీ తెలిస్తే చాలు. 134 జట్లనుకుంటే 8,911 జోడీలు కుదురుతాయి. ఎదురుపడేవి ఎనిమిది వందలు దాటవు. పది జట్ల ఐపీఎల్‌లో ప్రతి జట్టూ మిగతా తొమ్మిదింటితో ఒక్కసారైనా ఆడుతుంది కాబట్టి పాయింట్ల పట్టిక సరిపోతుంది. ఇక్కడ పట్టిక వేస్తే ఈఏపీసెట్‌లో ఏ షిఫ్టుకి ఏ పేపరొచ్చిందో చూడకుండా మార్కులు వరసలో పేర్చినట్టే. పేపరు ఎంత కష్టమో తేల్చాలి. అసలు చిక్కు ఏమిటంటే, ఇక్కడ పేపరు కూడా జట్లే. నా ప్రత్యర్థి ఎంత గట్టివాడో తెలియాలంటే వాడి ప్రత్యర్థులు ఎంత గట్టివాళ్ళో తెలియాలి, ఆ ప్రత్యర్థుల్లో నేనూ ఉన్నాను.

ఈ ముడిని చాలా అందంగా విప్పినవాడు వెస్లీ కాలీ అనే ఖగోళ భౌతిక శాస్త్రవేత్త. జాతీయ ఫైనల్‌కి ఎవరు వెళ్ళాలో తేల్చడానికి 1998 నుంచి 2013 దాకా నడిచిన బీసీఎస్ విధానంలో ర్యాంకులు కట్టిన కంప్యూటర్ లెక్కల్లో ఆయనదీ ఒకటి. ఆయన మొదలుపెట్టింది లాప్లాస్ సూత్రంతో: రేపు సూర్యుడు ఉదయించే సంభావ్యత ఎంత అన్న ప్రశ్నకి లాప్లాస్ వాడిన సూత్రమే అది. గెలుపులకి 1 కలిపి, మ్యాచులకి 2 కలిపి భాగించాలి. ఏమీ ఆడని జట్టుకి 1/2. ఒకటి ఆడి గెలిస్తే 2/3, ఓడితే 1/3. ఒక్క గెలుపుకే నూటికి నూరు ఇచ్చెయ్యదు, ఒక్క ఓటమికే సున్నా చెయ్యదు. అన్ని జట్లూ సగం దగ్గరే మొదలవుతాయి. ఆగస్టులో ఒక్క మ్యాచ్ కూడా జరక్కముందే విలేకరులు పాతికమందికి ర్యాంకులు వేసేస్తారు చూడండి, దానితో పోలిస్తే ఇదెంత మర్యాద! ఆ తొలి జాబితా ఉగాది పంచాంగంలో కందాయ ఫలాల్లాంటిది, కాకపోతే దీని నీడ డిసెంబరు దాకా ఓట్ల మీద పడుతూనే ఉంటుంది.

తరవాతి అడుగులో ప్రత్యర్థులు వస్తారు. ఒక జట్టు రేటింగు కావాలంటే: గెలుపుల్లోంచి ఓటములు తీసేసి సగం చెయ్యండి, 1 కలపండి, ఆడిన ప్రత్యర్థులందరి రేటింగులూ కలపండి, మొత్తాన్ని మ్యాచుల సంఖ్యకి 2 కలిపి భాగించండి. ప్రత్యర్థుల రేటింగులు మనకింకా తెలియవు కదా అంటే, అందుకే అన్ని జట్లకీ ఒకేసారి రాయాలి. 134 జట్లకి 134 ఏకఘాత సమీకరణాలు, ఒక పెద్ద మాత్రిక. ఇంటర్ మొదటి సంవత్సరంలో క్రామర్ పద్ధతి, గాస్–జోర్డాన్ పద్ధతి చేయించి, ఎందుకని అడిగితే "ఏడు మార్కులకొస్తుంది" అని చెప్పే బదులు ఈ లెక్క ఇస్తే బాగుండును.

చిన్నగా చేసి చూద్దాం. రాయి కత్తెరని, కత్తెర కాగితాన్ని, కాగితం రాయిని ఓడించాయి. ఇంతే అయితే మూడింటికీ 0.5, వలయం తెగదు. సుత్తి, మేకు అని ఇంకో రెండు జట్లు తెచ్చుకుందాం. కత్తెర సుత్తి మీద గెలిచింది. రాయి, కాగితం రెండూ మేకు మీద గెలిచాయి. సుత్తి మేకుని ఓడించింది. ఇప్పుడు పెద్ద మూడింటికీ రెండేసి గెలుపులు, ఒక్కో ఓటమి. అచ్చం 2008 నాటి తంటానే.

అందరికీ 0.5 పెట్టి మొదలుపెట్టండి. మొదటి దఫాలో రాయి, కత్తెర, కాగితం 0.6, సుత్తి 0.5, మేకు 0.2. ఆ విలువలతోనే మళ్ళీ వెయ్యండి: కత్తెర 0.64, రాయి, కాగితం 0.58, సుత్తి 0.45, మేకు 0.24. అలా వేస్తూ పోతే ఊగిసలాట తగ్గి ఒకచోట నిలబడుతుంది: కత్తెర 0.629, రాయి, కాగితం 0.589, సుత్తి 0.464, మేకు 0.229. తనను ఓడించిన రాయి కంటే కత్తెర పైకొచ్చింది, ఎందుకంటే అది గెలిచిన సుత్తి మేకు కంటే గట్టిది.

ఇప్పుడు ఒకే ఒక్కటి మార్చండి. సుత్తి–మేకు మ్యాచ్‌లో మేకు గెలిచిందనుకోండి. మిగతావన్నీ అవే. మళ్ళీ లెక్క కడితే రాయి, కాగితం 0.625, కత్తెర 0.6, మేకు 0.4, సుత్తి 0.25. వరస తిరగబడింది! పెద్ద జట్లు మూడూ కొత్తగా ఏమీ చెయ్యలేదు, అవి ఆడని మ్యాచ్ వాటి స్థానాలు మార్చేసింది. ఇది లెక్కలో లోపం కాదు. ప్రత్యర్థి బలాన్ని లెక్కలోకి తీసుకుంటాం అని ఒప్పుకున్నాక ఇది తప్పదు.

2008లో ముడి విప్పే పని కాన్ఫరెన్స్ నియమం ప్రకారం బీసీఎస్ ర్యాంకుకే వదిలారు. అందులో మూడో వంతు కోచ్‌ల ఓటింగు, మూడో వంతు హారిస్ ఓటింగు (మాజీ ఆటగాళ్ళు, విలేకరులు వంటివారిది), మూడో వంతు ఆరు కంప్యూటర్లు. ఆరింటిలో పై విలువనీ కింది విలువనీ తీసేసి మిగిలిన నాలుగూ కలిపేవారు. కంప్యూటర్ల లెక్కలో ఒక్లహోమా ముందుంది, మొత్తం మీదా ముందే నిలిచింది. కాన్ఫరెన్స్ ఫైనల్లో మిజూరీని 62–21తో ఓడించి, జాతీయ ఫైనల్లో ఫ్లోరిడా చేతిలో 24–14తో ఓడింది.

మరి 65–21 సంగతో? కంప్యూటర్లకి అది 22–21తో సమానం. గెలుపు తేడాని లెక్కించే కంప్యూటర్లని 2002 సీజనుకి ముందే బీసీఎస్ వద్దంది, గెలుపు ఖాయమయ్యాక కూడా బలహీన జట్టుని చావగొట్టే అలవాటు పెరుగుతుందని. మర్యాదకి మంచిదే, గణితానికి నష్టం. పన్నెండు మ్యాచుల్లో ఉన్న కాస్త సమాచారంలోంచి చాలా భాగం పారబోశారు. తేడాని ఇరవై పాయింట్ల దగ్గర ఆపేసి లెక్కించినా సరిపోయేదని నా అభిప్రాయం.

కాలీ లెక్క వేసేవారికి ఒక జాగ్రత్త. చివర్లో అన్ని రేటింగుల సగటు సరిగ్గా 0.5 రావాలి. రాకపోతే ఒక మ్యాచ్‌ని ఒక జట్టు పద్దులో రాసి రెండో జట్టు పద్దులో మరిచారన్నమాట. కానీ మ్యాచ్ ఇద్దరి పద్దులోనూ లేకపోతే సగటు 0.5గానే ఉంటుంది, తప్పు బయటపడదు. 2010 డిసెంబరులో కాలీ లెక్కలోనే అలాంటిది జరిగింది. కింది శ్రేణిలో అపలాచియన్ స్టేట్, వెస్టర్న్ ఇల్లినాయ్ ఆడిన ప్లేఆఫ్ మ్యాచ్ ఒకటి డేటాలో పడలేదు. దాన్ని చేర్చగానే బీసీఎస్ ర్యాంకుల్లో బోయ్సీ స్టేట్ 11 నుంచి 10కి ఎక్కింది, ఎల్‌ఎస్‌యూ 10 నుంచి 11కి దిగింది. సుత్తి, మేకు మళ్ళీ గుర్తొచ్చాయా? దీన్ని పట్టుకున్నది బయటివాడు. ఆరు పద్ధతుల్లో పూర్తిగా ప్రచురించింది కాలీ ఒక్కడే కాబట్టి ఆయన తప్పే దొరికింది. మిగతా ఐదింటిని అలా సరిచూసే వీలే లేకపోయింది.

2014లో కంప్యూటర్లని పక్కనపెట్టి, జాతీయ టైటిల్ కోసం ప్లేఆఫ్ ఆడే నాలుగు జట్లని ఎంచే పని పదమూడుమంది కమిటీకి అప్పగించారు. కొత్త చిక్కు అక్కడ మొదలైంది: బాగా ఆడిన జట్టు కావాలా, రేపు బాగా ఆడగల జట్టు కావాలా? 2023లో ఫ్లోరిడా స్టేట్ 13–0తో (పదమూడు గెలుపులు, ఓటమే లేదు) ఏసీసీ కాన్ఫరెన్స్ విజేత అయినా నాలుగింటిలో చోటు దక్కలేదు. జట్టు దాడిని నడిపే ఆటగాడు (క్వార్టర్‌బ్యాక్) జోర్డన్ ట్రావిస్ నవంబరులో గాయపడ్డాడు. ముఖ్య ఆటగాళ్ళు లేకపోవడాన్ని పరిగణించవచ్చని కమిటీ నియమాల్లో ఉంది, ఆ చోటు 12–1 అలబామాకి వెళ్ళింది. ఆనక సీజను చివర ఆరెంజ్ బౌల్ అనే మ్యాచ్‌లో ఫ్లోరిడా స్టేట్ జార్జియా చేతిలో 63–3తో ఓడింది. "చూశారా" అన్నారు కొందరు. జట్టులో చాలామంది ఆ మ్యాచ్‌కి దిగనే లేదు. అది రుజువెలా అవుతుంది?

ప్లేఆఫ్‌ని పన్నెండు జట్లకి పెంచితే తగువు తగ్గుతుందన్నారు. నాలుగో ఐదో స్థానాల మధ్య ఉన్న గీత పదికీ పదకొండుకీ మధ్యకి జరిగింది, అంతే. 2025లో మయామీ, నోటర్ డామ్ చెరో 10–2. సీజను మొదట్లోనే మయామీ 27–24తో గెలిచింది. అయినా చివరి వారం ముందు దాకా నోటర్ డామ్ 10, బ్రిగమ్ యంగ్ 11, మయామీ 12. ఆఖరి శనివారం మొదటిదీ చివరిదీ ఆడలేదు. మధ్యలో ఉన్న బ్రిగమ్ యంగ్ మాత్రం టెక్సస్ టెక్ చేతిలో 34–7తో ఓడి కిందికి జారింది. దాంతో మిగతా రెండూ పక్కపక్కకి వచ్చాయి, పక్కపక్కన ఉన్నాయి కాబట్టి ముఖాముఖి ఫలితం చూశామంది కమిటీ. మయామీ 10, నోటర్ డామ్ 11. చివరి రెండు చోట్లూ కింది ర్యాంకుల్లో ఉన్న కాన్ఫరెన్స్ విజేతలు టులేన్, జేమ్స్ మాడిసన్‌లకి పోవడంతో నోటర్ డామ్ బయటే ఉండిపోయింది.

తామాడని మ్యాచ్ వల్ల తారుమారైందని అలిగినవాళ్ళు కాగితం మీద ఐదు సమీకరణాలు రాసుకుని, సుత్తి–మేకు ఫలితాన్ని ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిప్పి చూడొచ్చు. పావుగంట పని.