ఎదురుగాలి, అడ్డగాలి, విమానం టైము

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి గగనమార్గంలో 1,265 కిలోమీటర్లు. ఢిల్లీ నుంచి కోల్‌కతాకు సుమారు 1,310. పెద్ద తేడా ఏం లేదు. అయినా చలికాలంలో హైదరాబాద్–ఢిల్లీ విమానానికి రానూ పోనూ దాదాపు ఒకే టైము పడుతుంది. కోల్‌కతా విమానానికి మాత్రం ఢిల్లీకి వచ్చేటప్పుడు బాగా ఎక్కువ పడుతుంది.

భూమి తిరగడం వల్లే అని చాలామంది చెప్పేస్తారు. భూమితో పాటు గాలీ తిరుగుతోంది, ఆ గాలిలో ఉన్న విమానమూ తిరుగుతోంది. నిజంగా భూమి కిందనుంచి జరిగిపోతుంటే తూర్పుకు వెళ్లడమే ఆలస్యం కావాలి. జరిగేది దానికి తలకిందులు!

ముందు దూరం సంగతి. శంషాబాద్ 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, ఢిల్లీ విమానాశ్రయం 28.56. తేడా 11.32. డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు, మైలుకు 1.852 కిలోమీటర్లు: మొత్తం 1,258. రేఖాంశాల్లో తేడా 1.33 డిగ్రీలు, అంటే అక్కడ 136 కిలోమీటర్లు. పైథాగరస్‌తో కలిపితే 1,265. అంత పక్కకు జరిగినా దూరం పెరిగింది ఏడు కిలోమీటర్లే.

ఇక గాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తర భారతం మీద, దాదాపు 12 కిలోమీటర్ల ఎత్తున, పడమటి జెట్ ప్రవాహం, అంటే పడమర నుంచి చాలా వేగంగా వీచే గాలి, ఉంటుంది. లెక్క కోసం గాలి దారంతా పడమర నుంచి గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వీస్తోందనీ, విమానం గాలిలో 830తో పోతోందనీ అనుకుందాం. ఇంటర్‌లో బట్టీ పట్టించే నది–పడవ లెక్కే ఇది. నదిని నేరుగా దాటాలంటే పడవ ముక్కును కాస్త ఎగువకు తిప్పాలి. ఢిల్లీకి పోయే విమానం కూడా ముక్కును పది డిగ్రీలు పడమరకు తిప్పుకుని, ఏటవాలుగా ఉత్తరానికి పోతుంది. 150లో దారికి అడ్డంగా తగిలేది 149. 830 వర్గంలోంచి 149 వర్గం తీసేసి వర్గమూలం కడితే 816. దారి కాస్త పడమరకు ఒరిగి ఉంటుంది కాబట్టి ఎదురుగాలి వాటా ఇంకో 16. నేల మీద వేగం 800, అంటే 95 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో 16 కలిసి 832: 91 నిమిషాలు.

కోల్‌కతా దారి ఢిల్లీకి ఆగ్నేయంగా పోతుంది. 150లో 130 నేరుగా వెనకనుంచి తోస్తుంది. అడ్డంగా తగిలే వాటాకు ముక్కు తిప్పుకోవడంలో కాస్త పోగా వేగం 957, సమయం 82 నిమిషాలు. వచ్చేటప్పుడు అదే 130 ఎదురు: 697 వేగం, 113 నిమిషాలు. పోతూ మిగిల్చుకున్నది వస్తూ చెల్లు అవుతుందనుకోకండి. గాలే లేకపోతే రెండువైపులా కలిపి 189 నిమిషాలు, ఇప్పుడు 195. ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి నష్టానిదే పైచేయి.

మరి హైదరాబాద్–ఢిల్లీ టికెట్ మీద రెండు గంటలకు పైగా ఎందుకుంటుంది? అది గేటు వదిలినప్పటి నుంచి గేటు చేరేదాకా లెక్క. రన్‌వే దాకా పాకడం, వరుసలో ఆగడం అందులోవే. శంషాబాద్ రన్‌వేలు తూర్పు–పడమరగా ఉంటాయి కనుక ఢిల్లీ విమానం ముందు పక్కకు లేచి ఆ తర్వాత ఉత్తరానికి మళ్లాలి. ఢిల్లీకి దాదాపు 200 కిలోమీటర్ల ముందే దిగడం మొదలవుతుంది. 10,000 అడుగుల కింద మామూలుగా 250 నాట్లకు, అంటే గంటకు 463 కిలోమీటర్లకు మించకూడదు. వీటన్నిటి మీద విమాన సంస్థలు రద్దీకోసం ఇంకాసిన్ని నిమిషాలు కలుపుతాయి. పొగమంచు లేని రోజు విమానం ముందే దిగిందని పైలట్‌ను మెచ్చుకుంటారుగానీ, చాలాసార్లు అవి ఈ కలిపిన నిమిషాలే.