బ్లాగర్లు కలిసి రాస్తే చదివేవాళ్లు పెరుగుతారా? అపోహలు – వాస్తవాలు

కర్నూలులో ఉంటూ రాయలసీమ ప్రయాణాల మీద బ్లాగు రాస్తుంటాను. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: "అక్కా, వేరే బ్లాగర్లతో కలిస్తే వ్యూస్ పెరుగుతాయంట, నిజమేనా?" నిజమే. కాకపోతే ఎలా కలవాలన్న దాని మీద చాలా తప్పుడు నమ్మకాలు తిరుగుతున్నాయి.

అపోహ: మన సబ్జెక్టే రాసేవాళ్లు మనకు పోటీ.

వాస్తవం: బెలుం గుహలు నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర ఉన్నాయి. గండికోట కడప జిల్లాలో, పెన్నా గట్టున ఉంది. బెంగళూరు నుంచి కారేసుకుని వచ్చేవాళ్లలో చాలామంది రెండూ ఒకే ట్రిప్పులో చూసేస్తారు. బెలుం గురించి నేను రాశాను, గండికోట గురించి జమ్మలమడుగు వైపు ఇంకొకరు బాగా రాశారనుకోండి. నా పోస్టు చదివినవాళ్లకు తర్వాత కావాల్సింది వాళ్ల దగ్గరే ఉంది. అక్కడికి దారి చూపిస్తే నాకు పోయేదేమీ లేదు. పైగా వాళ్లూ నా వైపు మనుషుల్ని పంపిస్తారు.

ఇంకా బాగా పనిచేసేది వేరే సబ్జెక్టు వాళ్లతో కలవడం. బెలుం పొడవు 3,229 మీటర్లని, అందులో సందర్శకులకు తెరిచింది సుమారు కిలోమీటరున్నరేనని అందరం రాసేశాం. సున్నపురాయిని భూగర్భ జలం ఎలా కరిగించి ఆ సొరంగాలు చేసిందో జియాలజీ చదివిన బ్లాగరు రాస్తే, అది నేను రాయలేని పోస్టు అవుతుంది. దారిలో ఉగ్గాని బజ్జీ ఎక్కడ బాగుంటుందో వంటల బ్లాగరుకే బాగా తెలుస్తుంది. కలిసిన ఇద్దరూ ఒకే సంగతి, గుహ లోపల ఎంత ఉక్కగా ఉంటుందో, రాసుకుంటే మాత్రం ఏ ఒక్కరికీ లాభం లేదు.

అపోహ: "నువ్వు నా లింకు పెట్టు, నేను నీది పెడతా" అనుకుంటే ఇద్దరం గూగుల్‌లో పైకొస్తాం.

వాస్తవం: ర్యాంకు కోసం అతిగా లింకులు మార్చుకోవడాన్ని గూగుల్ తన స్పామ్ నిబంధనల్లో పేరుపెట్టి మరీ తప్పుపట్టింది. లింకుల కోసమే అతిథి వ్యాసాలు (అంటే వేరేవాళ్ల బ్లాగులో మనం రాసే పోస్టులు) రాసేవాళ్ల మీద, అప్పట్లో గూగుల్ వెబ్‌స్పామ్ టీమ్ నడిపిన మ్యాట్ కట్స్ 2014 జనవరిలోనే మండిపడ్డాడు. కొత్త పాఠకులకు పరిచయం కావడానికి రాసే అతిథి వ్యాసంతో తనకు పేచీ లేదని తర్వాత వివరణ కూడా ఇచ్చాడు. నా లెక్క కూడా అదే. ఆ లింకు నొక్కినవాళ్లకు ఏదైనా పనికొస్తుందా లేదా అన్నదే చూస్తాను. డబ్బు తీసుకుని పెట్టిన లింకైతే అది గూగుల్‌కు తెలిసేలా లింకు కోడ్‌లో "స్పాన్సర్డ్" ట్యాగు తగిలించాలి. 2019 నుంచి ఆ వెసులుబాటు ఉంది.

అపోహ: పెద్ద బ్లాగరు ఒక్కసారి మన పేరు చెబితే చాలు.

వాస్తవం: ఆ రోజు గ్రాఫు పైకి లేస్తుంది, రెండు రోజులకు మళ్లీ కింద పడుతుంది. వచ్చినవాళ్లు చదవడానికి బ్లాగులో ఇంకో నాలుగు మంచి పోస్టులు లేకపోతే ఎందుకుంటారు?

అపోహ: బ్లాగర్ల వాట్సాప్ గ్రూపులో చేరి ఒకరి పోస్టు ఒకరు షేర్ చేసుకుంటే పాఠకులు పెరుగుతారు.

వాస్తవం: పెరిగేవి క్లిక్కులు. గ్రూపులో అందరూ రాసేవాళ్లే, ఎవరి టెన్షన్ వాళ్లది. లింకు నొక్కి, "సూపర్" అని కామెంటు పెట్టి వెళ్లిపోతారు. వాట్సాప్ నుంచి వచ్చేవాళ్లలో చాలామంది అనలిటిక్స్‌లో (బ్లాగుకు ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో లెక్క చూపే టూల్‌లో) "డైరెక్ట్", అంటే నేరుగా వచ్చినవాళ్ల కింద పడతారు కాబట్టి ఎవరి వల్ల ఎందరొచ్చారో తేలదు. ఒక్కో బ్లాగరుకు వేరే యూటీఎమ్ లింకు (ఎవరి ద్వారా వచ్చారో తెలిపే గుర్తు చివర తగిలించిన లింకు) ఇవ్వండి. అప్పుడు క్లిక్కుల సంఖ్యతో పాటు, వచ్చినవాళ్లు ఎంతసేపు చదివారో, రెండో పోస్టు తెరిచారో లేదో కూడా చూడండి.

అపోహ: ఒకే వ్యాసాన్ని రెండు బ్లాగుల్లో పెడితే గూగుల్ శిక్ష వేస్తుంది.

వాస్తవం: మోసం ఉద్దేశం లేకపోతే శిక్షేమీ ఉండదు. సాధారణంగా రెండింటిలో ఒకదాన్నే చూపిస్తుంది, అంతే. అది మీది కాకుండా పెద్ద సైటుది కావచ్చు. అందుకే అతిథిగా వెళ్లినప్పుడు కొత్తగా రాయడం మేలు.

అపోహ: వాళ్ల బ్లాగులో వచ్చింది కాబట్టి వ్యాసం ఇక వాళ్లదే.

వాస్తవం: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, మీరు సొంతంగా రాసినదానికి మొదటి హక్కుదారు మీరే. ఆ హక్కు ఇంకొకరికి బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, మీ సంతకంతో జరగాలి. ఎంత కాలానికో అందులో రాయకపోతే ఐదేళ్లుగా లెక్కిస్తారు. స్నేహితులే కదా అని ఇవేవీ మాట్లాడుకోరు, తర్వాత ఎవరైనా దాన్ని ఈ-పుస్తకంలో కలిపేస్తే గొడవలొస్తాయి. ఎవరి ఫొటోలు ఎవరు వాడుకోవచ్చు, తర్వాత దిద్దుబాట్లు ఎవరు చేయాలి, వ్యాసం ఎప్పుడు తీసేయవచ్చు అన్న మూడూ ముందే ఒక మెయిల్‌లో రాసుకోండి. హక్కు బదిలీకి మామూలు మెయిల్‌ను నమ్ముకోవద్దు కానీ, ఏం అనుకున్నారో గుర్తుండటానికి అది చాలు.