గల్లాపెట్టె తాళం ఎవరి దగ్గరుంది? స్టార్టప్ కోర్సు గొడవ వెనక కాకినాడ కథ

ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆంట్రప్రెన్యూర్‌షిప్ (సొంతంగా వ్యాపారం పెట్టడం నేర్పే) కోర్సు అందరికీ కంపల్సరీ చేయాలా వద్దా అన్న గొడవ మన విజయవాడ, గుంటూరు పేరెంట్స్ గ్రూపుల్లో మళ్లీ రాజుకుంది. మావాడికి ప్లేస్‌మెంట్ వస్తే చాలండీ, కంపెనీ పెట్టమని ఎవరడిగారు అని ఒకళ్లు, ఎన్నాళ్లని ఇంకొకళ్ల దగ్గర జీతానికి చేస్తారు అని ఇంకొకళ్లు. ఈ గొడవ నేపథ్యం క్లుప్తంగా చెప్పాలి కాబట్టి ఆర్థికవేత్త షుంపేటర్ ఏమన్నాడు, 1947లో హార్వర్డ్‌లో మొదటి కోర్సు ఎలా పెట్టారు లాంటివన్నీ వదిలేస్తున్నా, అవి ఏ ఎంబీఏ నోట్సులో అయినా దొరుకుతాయి. నా లెక్కలో ఈ గొడవ మొత్తానికి కీలకం మనకి నాలుగ్గంటల ప్రయాణం దూరంలో ఉన్న కాకినాడలో ఉంది.

1964లో డేవిడ్ మెక్‌క్లెలాండ్ అనే హార్వర్డ్ సైకాలజిస్టు కాకినాడ వ్యాపారస్తుల్లోంచి 52 మందిని బ్యాచ్‌లుగా హైదరాబాద్ తీసుకెళ్లాడు. ఇప్పుడు యూసఫ్‌గూడలో ని-ఎంఎస్ఎంఈ అని పిలుస్తున్న చిన్న పరిశ్రమల ట్రైనింగ్ సంస్థ పేరు అప్పట్లో సియెట్, అక్కడే ఓ పదిరోజుల ట్రైనింగ్. ఒక ఊరు పైకి రావాలంటే డబ్బు, రోడ్లు ఉంటే సరిపోదు, సాధించాలన్న కసి కూడా ఉండాలి, ఆ కసి పుట్టుకతో వచ్చేది కాదు నేర్పితే వస్తుంది అని ఆయన వాదన. అందుకే పాఠాలు వేరేగా ఉండేవి. ఒక బొమ్మ చూపించి దానిమీద కథ రాయమంటారు, ఆ కథలో మనిషి ఏదన్నా సాధించాలని తాపత్రయపడుతున్నాడా లేక ఊరికే కూర్చుని దిగులుపడుతున్నాడా చూస్తారు. ఇంకోటి జాతరలో ఆడే రింగులాటే. మేకుకి ఎంత దూరంలో నిలబడి రింగు వేస్తావో నీ ఇష్టం. పక్కనే నిలబడి వేసేవాడూ ఉంటాడు, ఎక్కడో గోడ దగ్గర నుంచి విసిరేవాడూ ఉంటాడు, కానీ వ్యాపారంలో నిలదొక్కుకునే రకం మాత్రం కొంచెం కష్టపడితే పడుతుంది అనిపించే దూరంలో నిలబడతాడు అని ఆయన లెక్క. నాకైతే ఈ రింగులాట ఒక్కటే చాలు అనిపిస్తుంది, ఇవాళ్టి పిచ్ కాంపిటీషన్లలో (స్టార్టప్ ఐడియా చెప్పి మెప్పించే పోటీల్లో) ఎవడిని చూసినా గోడ దగ్గర నుంచే విసురుతుంటాడు, మొదటి స్లైడ్‌లోనే వంద కోట్ల మార్కెట్ అని ఉంటుంది.

రెండేళ్ల తర్వాత వెళ్లి చూస్తే ట్రైనింగ్ అయినవాళ్లలో దాదాపు సగంమంది ఏదో ఒక కొత్త పని మొదలుపెట్టి ఉన్నారు, ట్రైనింగ్ లేని అలాంటి వ్యాపారస్తుల్లో అది పావు వంతు దగ్గరే ఆగింది. కులం, పూజలు, పాతకాలపు నమ్మకాలు వ్యాపారానికి అడ్డు అని అప్పట్లో పెద్దపెద్దవాళ్లు అనేవాళ్లు కదా, అలాంటి అడ్డేమీ కనపడలేదు. ఇక్కడిదాకా మన బీకాం, ఎంబీఏ పిల్లలందరికీ కంఠతా వచ్చు, పరీక్షలో కాకినాడ ఎక్స్‌పెరిమెంట్ అంటే ఖాయం ప్రశ్న.

కంఠతా రాని ముక్క ఇంకోటుంది. 1969లో మెక్‌క్లెలాండ్, ఆయన తోటి సైకాలజిస్టు డేవిడ్ వింటర్ కలిసి ఫలితాలన్నీ అచ్చేసినప్పుడు ఒక విషయం చెప్పారు. మార్పు ఎక్కువగా కనపడింది కొట్టులో పెత్తనం తమ చేతిలో ఉన్నవాళ్లలోనే. నాన్న కింద, అన్న కింద, ఓనరు కింద పనిచేస్తూ ట్రైనింగ్‌కి వచ్చినవాళ్లకీ కసి ఎక్కింది, కానీ ఇంటికెళ్లాక ఆ కసితో చేసేదేముంది, గల్లాపెట్టె తాళం వేరేవాళ్ల మొలలో ఉందిగా.

ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతా చరిత్రంతా అర్థమవుతుంది అంటాను. ఎందుకంటే ఆ తర్వాత జరిగిందంతా ఈ ముక్కని మర్చిపోవడమే. 1970 ప్రాంతంలో గుజరాత్ వాళ్లు కొత్తవాళ్లని వెతికి ట్రైనింగ్ ఇచ్చే పద్ధతి మొదలెట్టారు, వాళ్లు ఎంపిక దగ్గరే బాగా గట్టిగా ఉన్నారు, అది ఒప్పుకోవాలి. 1983లో అహ్మదాబాద్‌లో ఈడీఐఐ అనే ఆంట్రప్రెన్యూర్‌షిప్ ట్రైనింగ్ సంస్థ వచ్చింది, ఐడీబీఐ, ఐసీఐసీఐ, ఐఎఫ్‌సీఐ, స్టేట్ బ్యాంక్ కలిసి పెట్టాయి. ధర్మస్థల వాళ్లు 1982లో పల్లెటూరి నిరుద్యోగులకి స్వయం ఉపాధి నేర్పడానికి మొదలెట్టిన రుడ్‌సెటి పద్ధతిలో ట్రైనింగ్ కొన్ని వారాలే, తర్వాత రెండేళ్లు మనిషిని వదలరు, ఫోన్ చేస్తారు, షాపుకొస్తారు, బ్యాంకు మేనేజరు దగ్గరకి తీసుకెళ్తారు. తర్వాత గవర్నమెంట్ స్కీములు వచ్చాయి, 2008లో వచ్చిన పీఎంఈజీపీలో (సొంత యూనిట్ పెట్టేవాళ్లకి లోన్‌మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర స్కీములో) సబ్సిడీకి ట్రైనింగ్ సర్టిఫికెట్‌ని ముడిపెట్టారు, అప్పటి నుంచి ట్రైనింగ్ అనేది ఫైల్లో పెట్టాల్సిన ఇంకో కాగితం అయిపోయింది. ఆధార్ జిరాక్స్, పాన్ జిరాక్స్, ఈడీపీ (ఆ ట్రైనింగ్) సర్టిఫికెట్.

2016లో స్టార్టప్ ఇండియా వచ్చాక బంతి కాలేజీల కోర్టులోకి వచ్చింది. 2019లో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన పాలసీలో స్టార్టప్ పెట్టే స్టూడెంట్‌కి అటెండెన్స్‌లో సడలింపు, క్రెడిట్లు, కావాలంటే ఒక సెమిస్టర్ గ్యాప్ అన్నీ ఉన్నాయి, నిజానికి మంచి పాలసీయే. అదే టైంలో కాలేజీల్లో ఇన్నోవేషన్‌కి ర్యాంకులిచ్చే కేంద్రం వారి అటల్ ర్యాంకింగులు కూడా మొదలయ్యాయి, మీ దగ్గర ఎన్ని స్టార్టప్‌లు పుట్టాయి అని లెక్క అడగడం మొదలైంది. లెక్క అడిగితే లెక్క చూపిస్తారు, మనవాళ్లకి అది కొత్తా? ఇంక మన దగ్గర ఇంటికో ఆంట్రప్రెన్యూర్ అనే రాష్ట్ర ప్రభుత్వ నినాదం, 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్, వీటితో కాలేజీలమీద ఒత్తిడి ఇంకా పెరిగింది. మేనేజ్‌మెంట్ల మాట కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నా, అందరికీ పెడితేనే అసలు ఇంట్రెస్ట్ ఉన్నవాడు బయటపడతాడు అంటారు వాళ్లు. సరే.

దీనిమీద పరిశోధన లేకపోలేదు. 2010లో వచ్చిన డచ్ స్టడీ సరిగ్గా మన గొడవ మీదే. ఒకే కాలేజీకి రెండు ఊళ్లలో క్యాంపస్‌లు, బ్రేడా క్యాంపస్‌లో పిల్లలందరికీ చిన్న కంపెనీ నడిపే ప్రోగ్రాం కంపల్సరీ, ఇంకో క్యాంపస్‌లో లేదు. ఏడాది తర్వాత చూస్తే స్కిల్స్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు, పైగా సొంతంగా వ్యాపారం పెడతాం అనే ఉద్దేశం కంపల్సరీ చేసినచోట తగ్గింది. మ్యూనిక్‌లో కూడా అలాంటి కంపల్సరీ కోర్సు తర్వాత సగటున ఉద్దేశం కాస్త తగ్గింది, కాకపోతే అక్కడి పరిశోధకులు దాన్ని ఫెయిల్యూర్ అనలేదు, ఎవరికి పనికొస్తుందో ఎవరికి పనికిరాదో పిల్లలకి ముందే తెలిసొచ్చింది, అది లాభమే అన్నారు. ఈ మాటలో న్యాయం ఉంది. కానీ ఆ లాభం చూపించడానికి మన కాలేజీ రిపోర్టులో కాలమ్ ఎక్కడుంది? 2014లో 73 స్టడీలు కలిపి చూసిన లెక్కలో కూడా, కోర్సుకి ముందే ఎవరెవరికి ఎంత ఆసక్తి ఉందో పక్కకి తీసేస్తే కోర్సు వల్ల పెరిగింది పెద్దగా ఏమీ మిగల్లేదు.

మరి ఎక్కడ పనిచేసింది అంటే టోగోలో. ఆ దేశ రాజధాని లోమేలో అప్పటికే చిన్న వ్యాపారాలు నడుపుతున్న 1500 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి లెక్కలు, మార్కెటింగ్ లాంటి మామూలు ట్రైనింగ్, ఇంకో గుంపుకి చొరవ తీసుకోవడం, ముందుచూపు, దెబ్బతిన్నా మళ్లీ లేవడం మీద సైకాలజీ ట్రైనింగ్, మూడో గుంపుకి ఏమీ లేదు. రెండేళ్లకి చొరవ గుంపు లాభాలు 30 శాతం పెరిగాయి, మామూలు ట్రైనింగ్ గుంపుది 11 శాతం దగ్గర, అది కూడా గట్టిగా చెప్పలేని 11. 2017లో సైన్స్ పత్రికలో వచ్చింది. క్లాసులు నాలుగు వారాలే, కానీ ఆ తర్వాత నాలుగు నెలలపాటు ట్రైనర్ నెలకోసారి షాపుకే వచ్చాడు. కసి నేర్పొచ్చు అన్న మెక్‌క్లెలాండ్ మాట యాభై ఏళ్ల తర్వాత మళ్లీ నిలబడింది, తాళం చేతిలో ఉన్నవాళ్ల దగ్గరే నిలబడింది.

ఆమధ్య గుంటూరు జిల్లాలో ఒక కాలేజీ వాళ్లు ఐడియా కాంపిటీషన్‌కి జడ్జిగా పిలిస్తే వెళ్లా, పేరెందుకులెండి. ఇరవై టీముల్లో ఆరు హాస్టల్ పిల్లలకి ఇంటి భోజనం తెచ్చే యాప్‌లే. ఎన్ని క్యారేజీలు అమ్మారమ్మా అని అడిగితే ఒక్క టీము కూడా ఒక్కటీ అమ్మలేదు, ఎందుకంటే అమ్మాలంటే ముందు కూరగాయలకి డబ్బులు కావాలి, కాలేజీ గేటు దాటి బయటకి రావాలంటే ఔట్‌పాస్ కావాలి. ఒక పాప మెల్లగా చెప్పింది, సార్ మాకు మార్కులు పీపీటీకే. గిఫ్ట్‌గా ఒక మొక్క ఇచ్చి పంపారు.

అక్కణ్నుంచి తిరిగొస్తూ ఆటోనగర్‌లో నాకు తెలిసినాయన లేత్ షెడ్ దగ్గర ఆగా. ఆయనా ఒకప్పుడు ఇంకొకళ్ల షెడ్డులో కుర్రాడే, పదేళ్లు చేసి బయటకొచ్చి సొంత మిషన్ పెట్టుకున్నాడు, ఇప్పుడు ఆయన దగ్గర పనిచేసిన ఇద్దరు అదే రోడ్డులో సొంత షెడ్లు పెట్టారు. ట్రైనింగ్ ఏమన్నా తీసుకున్నారా అంటే లోన్ కోసం సర్టిఫికెట్ తెచ్చుకున్నానన్నాడు, అక్కడేం చెప్పారో గుర్తులేదట. మరి ఇప్పుడెవరన్నా వచ్చి చెప్తానంటే వింటారా అని అడిగా. సాయంత్రం ఆరు దాటాక, షెడ్డు దగ్గరికే వస్తానంటే వింటాడట, పెద్ద పార్టీల దగ్గర ఇరుక్కున్న అరువు వసూలు చేయడం ఎలాగో ముందు అది చెప్పమన్నాడు.