నడుము లాగితే గర్భమేనా? ఓపీలో రోజూ వినే అపోహలు

"మేడమ్, నడుము ఒకటే లాగుతోంది, ఈసారి నిలిచినట్టేనా?" పీరియడ్ డేట్‌కి ఇంకా వారం ఉండగానే ఈ ప్రశ్నతో వచ్చేవాళ్లు మా ఓపీలో లేని రోజుండదు. పెళ్లై నాలుగేళ్లయి, నెల నెలా ఇంటిల్లిపాదీ తన మొహంలోకే చూస్తుంటే ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది? ఆమెను కసురుకోలేం. కసరాల్సింది "గర్భం నిలిచిందని చెప్పే గుర్తులు" అంటూ ఆమె ఫోన్‌కి వీడియోలు పంపే చుట్టాలను.

అపోహ: డేట్‌కి ముందే నడుము నొప్పి వస్తే గర్భం నిలిచినట్టే.

వాస్తవం: అలా తేల్చలేం. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ఎలాగూ పెరుగుతుంది, గర్భం నిలిచినా నిలవకపోయినా. రొమ్ముల్లో సలుపు, నీరసం, కడుపుబ్బరం చాలావరకు దాని పనే. పీరియడ్ దగ్గర పడేకొద్దీ కొందరికి నడుమూ లాగుతుంది. పిల్లల కోసం ట్రీట్‌మెంట్‌లో ఉండి ప్రొజెస్టెరాన్ మాత్రలు వాడేవాళ్లకైతే ఈ బాధలు ఇంకా ఎక్కువ. పైగా గచ్చిబౌలిలో పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని, గుంతల రోడ్డు మీద స్కూటీతో ఇల్లు చేరేవాళ్లకు నడుము నొప్పి రావడానికి గర్భమే అక్కర్లేదు. నిజంగా గర్భం వచ్చిన కొందరికీ మొదట్లోనే నడుము లాగుతుంది. కానీ ఆ లాగడానికీ ఈ లాగడానికీ తేడా నేనూ చెప్పలేను, మీ పక్కింటి ఆంటీ అసలే చెప్పలేదు.

చెప్పేది ప్రెగ్నెన్సీ కిట్ ఒక్కటే. పిండం గర్భసంచికి అతుక్కున్నాకే హెచ్‌సీజీ, అంటే కిట్ పసిగట్టే హార్మోన్, ఒంట్లో కనిపిస్తుంది, దానికి అండం విడుదలయ్యాక 6 నుంచి 12 రోజులు పడుతుంది. అందుకే డేట్ దాటాక, పొద్దున్నే మొదటి మూత్రంతో చేయండి. ఒకటే గీత వచ్చి, పీరియడ్ కూడా రాకపోతే వారం ఆగి మళ్లీ చేయండి. అంతకుముందే చేసుకుని ఒక గీత చూసి ఏడవడం ఎందుకు?

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

అపోహ: రెండు గీతలు వచ్చాయి, ఇక నొప్పులన్నీ మామూలే.

ఈ ఒక్క మాట వల్ల జరిగే నష్టం ముందు మిగతావన్నీ దిగదుడుపే. రెండు గీతలు గర్భం వచ్చిందని చెబుతాయి, ఎక్కడ నిలిచిందో చెప్పవు. నూటికి ఒకరిద్దరికి గర్భసంచిలో కాకుండా బయట, ఎక్కువగా అండాన్ని గర్భసంచికి చేర్చే ట్యూబ్‌లో నిలుస్తుంది. పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, కొందరికి అది నడుములోకి లాగడం, కాస్త స్పాటింగ్. చూడ్డానికి అంతే.

కూకట్‌పల్లి నుంచి ఒకావిడ అలాగే వచ్చింది. కుడివైపు నొప్పి అంటే అత్తగారు "ఏం గాదు బిడ్డా, నాకూ గట్లనే గుంజింది" అని వేడినీళ్ల బ్యాగ్ ఇచ్చారట. నా దగ్గరికి వచ్చింది ఆ నొప్పి కోసం కూడా కాదు. "భుజం పట్టేసింది మేడమ్" అంది. గదంతా బామ్ వాసన. కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది, నాడి సన్నగా పరుగెడుతోంది. స్కానింగ్‌లో గర్భసంచి ఖాళీ, కడుపులో రక్తం. లోపల చేరిన రక్తం డయాఫ్రమ్‌ను, అంటే ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండరాన్ని, తాకితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. ఆవిడ బతికింది, ట్యూబ్ మాత్రం తీసేయాల్సి వచ్చింది. చిన్నగా ఉన్నప్పుడే బయటపడితే చాలామందికి ఆ గర్భం పెరగకుండా ఆపే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తో సరిపోతుంది. అత్తగారిని నేనేమీ అనలేదు, ఆమె బయట బెంచీ మీద కూర్చుని వణికిపోతోంది.

కాబట్టి రెండు గీతలు వచ్చాక ఒకవైపు నొప్పి, స్పాటింగ్, కళ్లు తిరగడం, భుజం నొప్పి, వీటిలో ఏదున్నా ఆ రోజే స్కానింగ్. కళ్లు తిరిగి పడిపోతే 108కి ఫోన్ చేయండి. కోఠి సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రో, పేట్లబుర్జో, ఏది దగ్గరైతే అది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నాక నెల తప్పినవాళ్లు నొప్పి లేకపోయినా రావాలి, వాళ్లకు ట్యూబ్‌లో నిలిచే అవకాశం ఎక్కువ. మెడికల్ షాపులో అడిగి అబార్షన్ మాత్రలు తెచ్చుకునేవాళ్లకూ ఇదే మాట. ట్యూబ్‌లోని గర్భం ఆ మాత్రలకు పోదు. బ్లీడింగ్ అయింది కదా, అయిపోయిందనుకుని మీరు ఇంట్లో కూర్చుంటారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. నడుము నొప్పితో పాటు మూత్రంలో మంట, చలిజ్వరం ఉంటే అది వేడి చేయడం కాదు, యూరిన్ ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పోయి ఉండొచ్చు, ఏ క్రిమి ఉందో తేల్చే మూత్రం కల్చర్ పరీక్ష చేయించండి. గర్భంలో వాడదగ్గ యాంటీబయాటిక్స్ ఉన్నాయి. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ సొంతంగా వేసుకోవద్దు, అవసరమైతే పారాసెటమాల్ చాలు.

ఎక్స్‌రే ఒకటి మిగిలింది. నెల తప్పిన సంగతి తెలియక నడుముకు ఎక్స్‌రే తీయించుకుని, "ఇప్పుడు తీసేయించుకోవాలా మేడమ్?" అని ఏడ్చుకుంటూ వస్తారు. అక్కర్లేదు. ఒకసారి తీసే నడుము ఎక్స్‌రేలో గర్భం తీసేయించుకోవాల్సినంత రేడియేషన్ ఉండదు. ఎవరి మాటా విని మాత్రలు మింగకుండా, ఆ ఫిల్మ్ పట్టుకుని ఓపీకి రండి.