మిద్దె మీద వరుగులు: పొదుపు కాపురం వెనుక నూట యాభై ఏళ్ల కథ

తిరుపతిలో కొర్లగుంట, బైరాగిపట్టెడ, కరకంబాడి రోడ్డు వంటి చోట్ల అద్దెకుంటున్న చిన్న ఉద్యోగుల ఇళ్లలో కొంతకాలంగా కొన్ని పాత అలవాట్లు తిరిగి కనిపిస్తున్నాయి. పాతిక, ముప్ఫై ఏళ్ల వయసున్న యువతీయువకులు ఆదివారం కూర్చుని వారానికి సరిపడా ఇడ్లీపిండి రుబ్బి పెట్టుకుంటున్నారు. ఆఫీసుకు క్యారియర్ కట్టుకుని పోతున్నారు. ఎండలు ముదరగానే మిద్దె మీద పాత చీర పరిచి వడియాలు, వరుగులు ఎండబెడుతున్నారు. కుట్లు ఊడిన బట్టలను పారేయకుండా సూది, దారం తీస్తున్నారు. అమ్మమ్మల కాలపు కాపురమని ముచ్చటగా చెప్పుకుంటున్నా, ఇందులో ముచ్చట కంటే లెక్కే ఎక్కువ. ఇంటి అద్దె, బండి వాయిదా, చదువు కోసం తీసుకున్న అప్పు కట్టిన తరువాత జీతంలో మిగిలేది తక్కువ కాబట్టి, కోత పెట్టడానికి చేతిలో ఉన్న ఖర్చు వంటింటిదే అయింది.

అమెరికా, బ్రిటన్‌లలోనూ యువత ఇదే దారి పట్టింది. అయితే ఆ దేశాల వారికి పొదుపు అనగానే గుర్తుకు వచ్చేది యుద్ధకాలపు రేషన్. 1943లో బ్రిటన్ ప్రభుత్వం పాత దుస్తులను ఎలా బాగుచేసుకుని వాడుకోవాలో చెబుతూ ఏకంగా ఒక చిన్న పుస్తకమే వేసి పంచింది. మన ప్రాంతపు జ్ఞాపకం అంతకంటే పాతది, కరువుది.

1876–78 నాటి కరువును రాయలసీమలో ధాత కరువు అంటారు. అప్పటికి చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. చిత్తూరు పేరుతో జిల్లా ఏర్పడింది 1911లో. కరువు పనులకు వచ్చిన మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద ఒక అణా చాలునని 1877లో కరువు పరిస్థితి చూడటానికి వైస్రాయి పంపిన ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించడం, ఆ కూలితో మనిషి బతకలేడని మద్రాసులో పెద్ద వివాదం రేగడం చరిత్రకెక్కిన విషయాలు. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఆ తరువాత వచ్చిన కరువులు అంత ఘోరమైనవి కాకపోయినా, వాన మీద భరోసా లేని మెట్ట పల్లెల్లో ఏడాది గింజలు ఇంట్లో ఉంటేనే కాపురం నిలబడుతుందన్న భయం తరాల తరబడి దిగిపోయింది. గాదెలు, పాతరలు, జాడీలు, ఉట్లు అన్నీ ఆ భయం చుట్టూ కట్టుకున్న ఏర్పాట్లే.

మెట్ట ఇంటి వంట సంవత్సరమంతా ఒక క్రమంలో నడిచేది. పుష్య మాసం చలిలో అనపకాయలు వచ్చేవి. గింజలు ఒలిచి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, తెల్లవారి ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే, తోలు వేళ్ల మధ్య మిగిలి పప్పు గిన్నెలోకి జారేది, అదే పితికిపప్పు. ఆ తోలును పశువుల కుడితిలో కలిపేవారు. ఫాల్గుణం, చైత్రం వస్తే చింతపండు పని. కాయను కొట్టి పెంకు తీయడం, ఈనెలు లాగడం, పిక్క తీయడం, ఉప్పు కలిపి ముద్దలు చేసి జాడీకి ఎత్తడం వారాల తరబడి సాగేది. ఎండాకాలమంతా వడియాలు, ఊరమిరపకాయలు, ఊరగాయలు. ధర పడిపోయిన రోజుల్లో గోరుచిక్కుడు, వంకాయ, కాకర, మామిడి ముక్కలు తరిగి వరుగులు చేసి, కూరలు దొరకని నెలలకు దాచేవారు. ఎద్దుల కోసం ఉడకబెట్టిన ఉలవల నీళ్లే మనుషులకు ఉలవచారు అయ్యేవి. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచితే పొద్దున్నే సద్ది. ఇక చిరిగిన చీరలు, పంచెలు పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంత చలికాలానికి దుప్పటి, బాలింతకు పరుపు కూడా.

రోజువారీ ముద్ద సంగటిది. మెత్తగా ఉడికిన నూకల మీద రాగిపిండిని కుప్పగా పోసి, తెడ్డుతో మధ్యలో గుంత చేసి, మూతపెట్టి ఆవిరికి మగ్గనిచ్చి, కుండను కాళ్ల మధ్య బిగించి ఉండలు కట్టకుండా కెలకాలి; తడిచేత్తో ముద్దలు చేయాలి. పది మంది ఇంట్లో ఆ తెడ్డు తిప్పడం ఎంత పనో తిప్పినవారికే తెలుసు. దానికి ముందు తిరగలి ముందు కూర్చుని రాగులు విసిరే పని ఉంది. అది తెల్లవారుజామున మొదలయ్యేది. పక్కన చెనక్కాయల ఊరుబిండో, పచ్చిపులుసో ఉంటే సరిపోయేది. ఇంత తక్కువ డబ్బుతో ఇంత పోషకమైన తిండి తిన్నారని ఇప్పుడు మెచ్చుకుంటున్నాం గానీ, ఆ తక్కువ డబ్బు వెనుక ఎవరూ రాసిపెట్టని ఆడవారి పని గంటలు ఉన్నాయి.

అందుకే ఈ విద్య పోవడాన్ని కేవలం ఒక నష్టంగా చూడలేము. మొదట పొలం మారింది. ఇరవయ్యో శతాబ్దంలో వేరుశనగ మెట్ట భూములను ఆక్రమించుకుంటూ వచ్చింది. 1986లో కేంద్రం నూనెగింజల సాంకేతిక మిషన్ చేపట్టాక ఆ ఊపు ఇంకా పెరిగింది. రాగి, కొర్ర, సజ్జ పండే చేలు తగ్గి, గింజ ఇంట్లో పండేది కాక అంగట్లో కొనేదిగా మారింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇవ్వడంతో, పండుగనాడో, చుట్టాలు వచ్చిన నాడో వండుకునే వరి అన్నం పేదల ఇంట రోజూ ఉడికింది. సంగటి బీదతనానికి గుర్తయింది. బడికి సంగటి ముద్ద తీసుకుపోవడం పిల్లలకు నామోషీ అయింది. 1999లో దీపం పథకం కింద పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు వచ్చాయి. 2011లో బియ్యం కిలో రూపాయికి దిగింది. ఈ చివరి రెండు పథకాలు తెచ్చిన ముఖ్యమంత్రులు చంద్రబాబు నాయుడు, కిరణ్ కుమార్ రెడ్డి ఇద్దరూ ఉమ్మడి చిత్తూరు జిల్లా వారే కావడం యాదృచ్ఛికమే కావచ్చు. మిక్సీ, గ్రైండరు, కుక్కరు వచ్చాక రోలు పెరట్లోకి, తిరగలి అటక మీదికి పోయాయి. తిరగలి అటకెక్కినందుకు ఆ తరం ఆడవారిలో విచారించినవారు పెద్దగా ఉండరు.

ఇదే కాలంలో పొదుపు వంటింటి నుంచి కాగితం మీదికి వచ్చింది. అంతకు ముందు పోపులడబ్బాలో నాలుగు నోట్లు, వీధిలో చీటీ, తపాలా కార్యాలయంలో పుస్తకం, ఇంతే. పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం తరువాత, సారాకు పోకుండా మిగిలిన సొమ్ములో రోజుకు రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు వెలిశాయి. 2000లో పేదరిక నిర్మూలన కోసం వెలుగు ప్రాజెక్టును తొలి విడతగా ఆరు జిల్లాల్లో చేపట్టినప్పుడు వాటిలో చిత్తూరు ఒకటి. బ్యాంకు మెట్లు ఎక్కని ఆడవారు సంఘం పేరుతో అప్పు తెచ్చుకోవడం అప్పటి నుంచే ఇక్కడ మామూలైంది. ఇన్ని సంఘాలు వచ్చినా పోపులడబ్బా మాత్రం పోలేదని 2016 నవంబర్ 8న పెద్ద నోట్లు రద్దయిన రాత్రి బయటపడింది. భర్తకు తెలియకుండా దాచిన అయిదువందల నోట్లను ఆయన చేతికే ఇచ్చి మార్పించుకోవలసి వచ్చిన ఇల్లాళ్ల కథలు ప్రతి వీధిలోనూ వినిపించాయి. ఇంటి పొదుపు గుట్టుగా సాగడంలో ఉన్న స్వాతంత్ర్యం ఆ దెబ్బతో కొంత పోయింది. అదే ఏడాది వచ్చిన యూపీఐ చెల్లింపులు మిగిలిన గుట్టును కూడా తీసేశాయి.

ఇప్పటి తరం పుట్టి పెరిగింది ఇలా మారిన కాలంలో. అప్పటికి వంట నేర్వడం కంటే ర్యాంకు తెచ్చుకోవడం ముఖ్యమైంది. శ్రీసిటీలోని కర్మాగారాలు, కరకంబాడి పరిశ్రమలు, తిరుపతి చుట్టూ వెలిసిన కళాశాలలు వేల మంది ఒంటరి యువతను హాస్టళ్లకు, అద్దె గదులకు చేర్చాయి. వారి వెనుకే కర్రీ పాయింట్లు, ఫోన్‌లో నొక్కితే గుమ్మం దగ్గరికి వచ్చే భోజనాలు వచ్చాయి. 2022–23లో జరిగిన జాతీయ కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో పట్టణ కుటుంబం పెట్టే మొత్తం ఖర్చులో ధాన్యాల వాటా 4 శాతం కూడా లేదు. పానీయాలు, చిరుతిళ్లు, వండిన ఆహారం కలిపి 10 శాతం దాటాయి. బియ్యం మీద ఎంత పొదుపు చేసినా కలిసొచ్చేది స్వల్పమే కాబట్టి, వంటింట్లో పొదుపు చేయాలనుకున్నవాడికి ఈ పది శాతమే దొరుకుతుంది. నేటి యువత సరిగ్గా దాన్నే పట్టుకుంది.

పట్టుకునేలా చేసిన దెబ్బలు మూడు. 2020 మార్చి 20న తిరుమలలో దర్శనాలు ఆగి, జూన్ వరకు యాత్రికులు రాకపోవడంతో, యాత్రికుల మీదే బతికే తిరుపతిలో లాడ్జీలు, హోటళ్లు, టాక్సీలు, చిన్న అంగళ్లు ఒక్కసారిగా ఆదాయం కోల్పోయాయి. ఊళ్లకు తిరిగివచ్చిన కుర్రవాళ్లు అమ్మ పక్కన నిలబడి పోపు పెట్టడం నేర్చింది అప్పుడే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం పొద్దుతిరుగుడు నూనెను, ఇండోనేషియా ఎగుమతుల నిషేధం పామాయిల్‌ను పైకి నెట్టగా, ఆ ఏప్రిల్‌లో దేశ చిల్లర ద్రవ్యోల్బణం 7.79 శాతానికి చేరింది.

మూడో దెబ్బ ఇంటి పంట నుంచే వచ్చింది. టమాటాకు దేశంలో పేరున్న మదనపల్లె మార్కెట్‌లో 2023 జూలై చివరికి మేలు రకం కిలో దాదాపు 200 రూపాయలు పలికింది. పండించే చోటే ఆ ధర ఉంటే తిరుపతి రైతుబజారులో కొనేవారి సంగతి చెప్పనక్కర లేదు. చారులో చింతపండు ఒక్కటే వేయడం, పప్పులో చింతాకు వేయడం పెద్దవాళ్లు ఆ నెలలో పిల్లలకు మళ్లీ చూపించారు. సెప్టెంబర్ నాటికి అదే టమాటా కొనే దిక్కులేక పడిపోయినప్పుడు, పెట్టెలకు పెట్టెలు కొని నిల్వ పచ్చడి పెట్టినవారు, ముక్కలు కోసి మిద్దె మీద ఎండబెట్టినవారు కొత్తగా కనిపించారు. అగ్గువగా ఉన్నప్పుడు కొని, ఎండబెట్టి, ప్రియంగా ఉన్నప్పుడు వాడుకోవడం అనే పాత సూత్రం ఈ తరానికి ఏ పుస్తకం వల్లా కాక, ఆ రెండు నెలల తేడా వల్ల ఒంటబట్టింది. 2022–23లో దేశంలో కుటుంబాలకు అప్పులు పోగా మిగిలే నికర ఆర్థిక పొదుపు స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 5 శాతానికి తగ్గి, దాదాపు ఐదు దశాబ్దాల్లో కనిష్ఠ స్థాయికి దిగిందన్న లెక్కలు వచ్చాయి. ఇళ్ల కోసం, బండ్ల కోసం చేసిన అప్పులు పెరగడం దానికి ఒక ముఖ్య కారణం.

పాతదంతా పొదుపు కాదని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత కొర్రలు, అండుకొర్రలు అందమైన పొట్లాల్లోకి ఎక్కి, ఒకప్పుడు వాటిని తినలేక బియ్యానికి మారిన వారికి అందని ధరకు చేరాయి. గానుగ నూనె, రాతి చట్టి, మట్టికుండ, ఇనుప పెనం వరుసగా కొనుక్కుంటూ పోయే ఇల్లు ఆరోగ్యానికి మంచిదేమో గానీ, నెలాఖరుకు దాని పద్దు హోటలు పద్దుకు తక్కువేమీ రాదు. రాగిపిండి, ఉలవలు, చింతాకు, సద్ది మాత్రం ఇంకా చవకే. వాటి ఫొటోలు ఎవరూ పెద్దగా పెట్టరు.

అసలు చిక్కు పని దగ్గర ఉంది. 2019 నాటి కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆడవారు రోజుకు 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు వెచ్చించారు; అదీ ఆ పని చేసిన మగవారి సగటు, చేసినవారే నూటికి 26 మంది. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88. మధ్యలో లాక్‌డౌన్ వచ్చి, కుర్రవాళ్లు పోపు పెట్టడం నేర్చి, మగవారి వంట వీడియోలు లక్షల మంది చూసినా ఆ సగటు పెరగకపోగా కొంచెం తగ్గింది. ముగ్గురు నలుగురు కలిసి ఉండే గదుల్లో పని వంతుల మీద సాగుతుంది. వండనివాడు అంట్లు తోముతాడు, లేకుంటే రాత్రికి గొడవ. పెళ్లయి వేరు కాపురం పెట్టిన ఇళ్లలో వరుగుల నుంచి పిండి రుబ్బడం దాకా ఎక్కువ భాగం, ఉద్యోగానికి పోయి వచ్చిన భార్య మీద పడుతోంది. ఆమె ముందుగా మానుకునేదీ వీటినే. బిడ్డ పుట్టిన ఇంట్లో ఇడ్లీపిండి, వడియాలు, పిక్క తీసిన చింతపండు మళ్లీ అంగడి నుంచే వస్తున్నాయి. వాటిలో కొన్నింటిని చేసి అమ్ముతున్నది పొదుపు సంఘాల మహిళలే, ఆ పనికి వారికి ఇప్పుడు కిలోకు ఇంత అని డబ్బు ముడుతోంది.